ఉత్తేజక ద్రవ్యాలు: స్త్రీ పురుషులలో భేదమేల?

దేశ విభజన అనంతరం పశ్చిమ పంజాబు నుండి తరలివచ్చిన కాందిశీకుల కొరకు ఢిల్లీలో ఏర్పడిన నివాస ప్రాంతాలలో ఓల్డ్ రాజిందర్ నగర్ ఒకటి. తొలి రాష్ట్రపతి బాబూ రాజేంద్ర ప్రసాద్ పేరును ధరించిన ఈ పేట కరోల్‌బాగ్‌ను ఆనుకొని ఉన్నది. 1921లో లాహోరులో వెలసిన సర్ గంగారామ్ ఆసుపత్రి విభజన తరువాత పునర్జన్మ పొందినది ఇక్కడనే. ఇల్లు కోల్పోయిన వారికి ఆశ్రయమిచ్చిన ఈ వీధులు నేడు ఇల్లు విడిచి వచ్చిన మరొక తరానికి ఆశ్రయమిస్తున్నవి. సివిల్ సర్వీసుల పరీక్షకు సిద్ధమయ్యే యువతీ యువకులు దేశపు నలుమూలల నుండి ఇక్కడకు చేరుతున్నారు. వారిలో తెలుగువారి సంఖ్య తక్కువ కాదు. హైదరాబాదులో అశోక్‌నగర్, చిక్కడపల్లి గ్రంథాలయం పరిసరాలు ఎట్టివో, ఢిల్లీలో ఈ పేట అట్టిది.

భాష వేరు, భోజనం వేరు అయిన ఈ విద్యార్థులందరికీ ఉమ్మడిగా ఉన్నది ఒకటి కలదు. అది రాత్రి మేల్కొనుట. అందుకు వారు ఆశ్రయించునవి టీ, కాఫీ, డబ్బాలలో లభించే శక్తి పానీయాలు. అక్కడక్కడ కొందరు మందుబిళ్లల వైపు కూడా చూస్తుంటారు. 2022 సివిల్ సర్వీసుల పరీక్షలో మొదటి నాలుగు ర్యాంకులూ మహిళలకే లభించినవి. మూడవ ర్యాంకు తెలంగాణకు చెందిన అభ్యర్థినిది. పరీక్షకు కూర్చునేవారిలో స్త్రీలు గణనీయంగా ఉన్నప్పుడు ఒక ప్రశ్న సహజంగా ఉదయిస్తుంది. ఒకే కప్పు, ఒకే బిళ్ల స్త్రీ దేహంలోను, పురుష దేహంలోను ఒకే విధంగా పని చేస్తుందా?

చేయదనియే శాస్త్రం చెబుతున్నది. అయితే శాస్త్రం ఈ ప్రశ్నను అడుగుటకే చాలాకాలం పట్టినది.

నిద్రను ఆపేది ఏది?

నాడీమండలాన్ని చురుకుపరచి, నిద్రమత్తును, అలసటను తాత్కాలికంగా అణచివేసే పదార్థాలను ఉత్తేజక ద్రవ్యాలు అంటారు. వీటిలో అత్యంత సాధారణమైనది కెఫీన్. దీనిని 1819లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త రూంగే కాఫీ గింజల నుండి వేరుచేసినాడు. టీ ఆకులో ఉన్నదీ ఇదే.

మనిషి మేల్కొని పని చేసే కొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగుపడుతుంది. అది నాడీకణాలపై గల గ్రాహకాలలో చేరి, విశ్రాంతి సమయమైనదని సంకేతమిస్తుంది. కెఫీన్ ఆ గ్రాహకాలను ముందుగానే ఆక్రమించి అడినోసిన్‌కు చోటు లేకుండా చేస్తుంది. తాళంలో వేరొక చెవి ఇరుక్కొనినప్పుడు అసలు చెవి పట్టనట్లే ఇది. కావున కెఫీన్ శక్తినివ్వదు. అలసట వార్తను మెదడుకు చేరనివ్వదు. కెఫీన్ తొలగిపోగానే పోగుపడిన అలసట అంతా ఒక్కసారిగా తెలియవస్తుంది.

ఆంఫెటమైన్, మిథైల్‌ఫెనిడేట్, కొకైన్ వంటి బలమైన ఉత్తేజకాల పద్ధతి వేరు. అవి మెదడులో డోపమైన్ అనే రసాయనిక వార్తాహరుని పరిమాణాన్ని పెంచుతవి. ఏ పని చేయదగినదో, ఏది మరల మరల కోరదగినదో మెదడు నిర్ణయించుకొనుటలో డోపమైన్ పాత్ర ముఖ్యం. అందువలననే ఈ ద్రవ్యాలకు ఏకాగ్రతను కలిగించే శక్తితో పాటు వ్యసనంగా మారే ప్రమాదం కూడా ఉన్నది.

కాలేయం వేసే లెక్క

స్త్రీ పురుష భేదం మొదట కనిపించేది మెదడులో కాదు, కాలేయంలో. దేహంలో ప్రవేశించిన కెఫీన్‌ను ప్రధానంగా విచ్ఛిన్నం చేసేది కాలేయంలోని ఒక ఎంజైమ్. అందులో సగభాగం తొలగిపోవుటకు పట్టే కాలాన్ని అర్ధాయువు అంటారు. ఆరోగ్యవంతులైన పెద్దలలో ఇది సగటున సుమారు 5 గంటలు. పొగ త్రాగేవారిలో ఈ ఎంజైమ్ వేగంగా పని చేయుట వలన కెఫీన్ త్వరగా తొలగిపోతుంది. ఈస్ట్రోజెన్ గల గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలో ఆ వేగం దాదాపు సగానికి తగ్గి, అర్ధాయువు 10 గంటల వరకు పెరుగుతుంది. గర్భవతులలో, విశేషించి చివరి నెలలలో, అది 15 గంటలకు కూడా చేరవచ్చు.

దీనిని ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. సాయంకాలం 6 గంటలకు 100 మిల్లీగ్రాముల కెఫీన్ గల కాఫీని ముగ్గురు సేవించినారని అనుకొనవలెను. అర్ధాయువు 5 గంటలుగా ఉన్న వ్యక్తిలో రాత్రి 11 గంటలకు 50 మిల్లీగ్రాములు మిగులుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడుతున్న స్త్రీలో అదే వేళకు సుమారు 70 మిల్లీగ్రాములు నిలిచి ఉంటుంది; సగానికి తగ్గుటకు తెల్లవారుజాము 4 గంటలు కావలెను. అర్ధాయువు 15 గంటలకు చేరిన గర్భవతిలో ఆ సగం మరునాటి ఉదయం 9 గంటలకు గాని రాదు. త్రాగినది ఒకే కప్పు. అది దేహంలో నిలిచిన కాలం మాత్రం మూడు విధాలు.

ఈ లెక్క వివాహితలకు మాత్రమే సంబంధించినదని భావించరాదు. ఋతుక్రమం సరిగా లేనప్పుడు, అండాశయాలలో నీటితిత్తుల సమస్య ఉన్నప్పుడు వైద్యులు ఈ మాత్రలనే కొన్ని నెలల పాటు వాడమని వ్రాసే సందర్భాలున్నవి. అట్టి విద్యార్థిని తన స్నేహితునితో సమానంగా రాత్రి టీ సేవించి, తనకు మాత్రమే నిద్ర పట్టకపోవుటకు కారణం పరీక్ష భయమేనని అనుకొనవచ్చు. అసలు కారణం కాలేయంలో ఉండవచ్చును.

నిద్రకు జరిగే నష్టం స్వల్పమైనది కాదు. పడకకు 6 గంటల ముందు సేవించిన 400 మిల్లీగ్రాముల కెఫీన్ కూడా నిద్రలో ఒక గంటకు పైగా హరిస్తుందని 2013లో ప్రచురితమైన అమెరికన్ పరిశీలన ఒకటి చూపినది. పగలు చదివినది జ్ఞాపకంలో స్థిరపడుటకు నిద్ర అవసరం. కాబట్టి నిద్రను అమ్మి కొనే చదువు లాభసాటి బేరం కాదు.

మెదడులో కనిపించిన భేదం

కాలేయం చూపే భేదం కాలానికి సంబంధించినది. మెదడు చూపే భేదం తీవ్రతకు సంబంధించినది. ప్రయోగశాలలలో ఎలుకలకు ఆంఫెటమైన్ గాని, కొకైన్ గాని ఇచ్చినప్పుడు మగ ఎలుకల కంటె ఆడ ఎలుకలు అధికంగా చలించుట అనేక పర్యాయాలు గమనించబడినది. మీటను నొక్కి కొకైన్‌ను తామే పొందే ఏర్పాటు చేసినప్పుడు, ఆ అలవాటును ఆడ ఎలుకలు త్వరగా నేర్చుకొన్నవని 1999లో లించ్, కారోల్ అను పరిశోధకులు ప్రకటించినారు.

అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జిల్ బెకర్ దశాబ్దాల పాటు దీని కారణాన్ని అన్వేషించినారు. అండాశయాలను తొలగించిన ఎలుకలలో ఆంఫెటమైన్ వలన విడుదలయ్యే డోపమైన్ తగ్గినది. ఈస్ట్రోజెన్ వర్గానికి చెందిన ఎస్ట్రడయోల్ అనే హార్మోన్‌ను తిరిగి ఇచ్చినప్పుడు అది మరల పెరిగినది. అనగా, సంతానోత్పత్తికి మాత్రమే సంబంధించినదని తలచిన హార్మోన్ మెదడులోని డోపమైన్ వ్యవస్థను కూడా శాసిస్తున్నదన్నమాట.

మానవులలోనూ దీని ఛాయలున్నవి. స్త్రీలకు ఋతుచక్రపు పూర్వార్ధంలో, అనగా ఈస్ట్రోజెన్ పెరుగుతూ ప్రొజెస్టిరాన్ తక్కువగా ఉన్న దినాలలో, ఆంఫెటమైన్ కలిగించే ఉత్సాహం ఉత్తరార్ధంలో కంటె హెచ్చుగా ఉన్నట్లు చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు జస్టిస్, డి విట్ 1999లో తెలిపినారు. ప్రొజెస్టిరాన్ ఈ ద్రవ్యాల ప్రభావాన్ని కొంత అణచివేస్తుందని తరువాతి పరిశీలనలు సూచించినవి. ఒకే స్త్రీకి ఒకే మోతాదు నెలలో రెండు వేర్వేరు వారాలలో రెండు విధాలుగా తోచవచ్చునన్నది దీని సారాంశం.

అయితే విషయం ఇంత సులభంగా ముగియదు. ఆంఫెటమైన్ ఇచ్చి మానవుల మెదడును చిత్రించిన జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2006లో ఇందుకు భిన్నమైన ఫలితాన్ని ప్రకటించినారు. వారు పరిశీలించిన మెదడు భాగాలలో ఎక్కువ చోట్ల డోపమైన్ విడుదల పురుషులలోనే అధికంగా కనిపించినది. ఎలుకలలో ఆడవి ముందున్నవి, ఆ మానవ పరిశీలనలో పురుషులు ముందున్నారు. కావున స్త్రీ మెదడు బలహీనమనియో, పురుషుని మెదడు దృఢమనియో తేల్చుటకు ఈ శాస్త్రంలో ఆధారం లేదు. ఏ అంశంలో, ఏ మోతాదులో, ఏ వయస్సులో అని విడివిడిగా అడుగవలసినదే.

వయస్సు ప్రాముఖ్యాన్ని చూపిన పరిశీలన ఒకటి న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో జరిగినది. 2014లో వెలువడిన దాని ఫలితాల ప్రకారం, కెఫీన్ వలన గుండె వేగంలోను, రక్తపోటులోను కలిగే మార్పులు యుక్తవయస్సు రాని బాలబాలికలలో ఒకే తీరుగా ఉన్నవి. యుక్తవయస్సు వచ్చిన పిదప మాత్రం బాలుర స్పందన బాలికల స్పందన కంటె హెచ్చినది. బాలికలలో అది ఋతుచక్రపు దశను బట్టి మారినది. భేదం పుట్టుకతోనే సంపూర్ణంగా వచ్చినది కాక, హార్మోన్లతో పాటు పెరిగినదని ఇది సూచిస్తున్నది.

లెక్కలోకి రాని సగం

ఇంత ముఖ్యమైన భేదాన్ని శాస్త్రం ఆలస్యంగా గుర్తించుటకు కారణం పరిశోధన పద్ధతిలోనే ఉన్నది. గర్భవతులు వాడిన థాలిడోమైడ్ వలన వేలాది శిశువులు అంగవైకల్యంతో జన్మించిన విషాదం 1960 ప్రాంతంలో ప్రపంచాన్ని కలచివేసినది. ఆ భయం నీడలో అమెరికా ఆహార, ఔషధ పాలక సంస్థ 1977లో, గర్భం ధరించగల వయస్సులోని స్త్రీలను ఔషధాల తొలిదశ పరీక్షల నుండి మినహాయించవలెనని సూచించినది. ఉద్దేశం రక్షణ, ఫలితం అజ్ఞానం. పురుషులపై నిర్ణయించిన మోతాదు స్త్రీలకు కూడా ప్రమాణమైపోయినది. ఈ సూచనను 1993లో ఉపసంహరించినారు.

జంతువులపై ప్రయోగాలలోనూ ఇదే ధోరణి కొనసాగినది. నాడీశాస్త్రంలో మగ జంతువులపై మాత్రమే జరిగిన పరిశీలనలు ఆడ జంతువులపై మాత్రమే జరిగిన వాటికి ఐదున్నర రెట్లు ఉన్నట్లు బీరీ, జుకర్ అను శాస్త్రజ్ఞులు 2011లో లెక్కగట్టినారు. ఆడ జంతువులలో హార్మోన్లు మారుతూ ఉంటవి కనుక ఫలితాలు నిలకడగా ఉండవన్నది పరిశోధకుల సాకు. 2014లో 293 పరిశోధన వ్యాసాలను సమీక్షించినప్పుడు, ఆడ ఎలుకల ఫలితాలు మగవాటి కంటె ఎక్కువ చంచలమైనవి కావని తేలినది. తుదకు 2016 నుండి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు తమ నిధులు పొందే పరిశోధనలలో లింగభేదాన్ని పరిగణించుటను నియమంగా చేసినవి.

ఈ ఆలస్యానికి చెల్లించిన మూల్యం నిద్రమందు విషయంలో స్పష్టమైనది. జోల్పిడెమ్ అనే మాత్రను స్త్రీ పురుషులిరువురికీ ఒకే మోతాదులో ఏళ్ల తరబడి ఇచ్చినారు. మరునాటి ఉదయానికి స్త్రీల రక్తంలో ఆ మందు ఎక్కువగా మిగిలి ఉండుట, వాహనాలు నడపుటకు అది ప్రమాదకరమగుట గమనించి, 2013లో స్త్రీలకు సిఫారసు చేసే మోతాదును 10 మిల్లీగ్రాముల నుండి 5 మిల్లీగ్రాములకు తగ్గించినారు. నిద్రపుచ్చే మందు విషయంలో తెలిసివచ్చిన ఈ పాఠం మేల్కొలిపే మందులకు కూడా వర్తించదగినదే.

బిళ్లతో తెలివి పెరుగునా?

మిథైల్‌ఫెనిడేట్‌ను 1944లో స్విట్జర్లాండ్‌లో తయారుచేసినవాడు లియాండ్రో పానిజాన్. దానికి ప్రసిద్ధమైన రిటాలిన్ అనే వ్యాపారనామం ఆయన భార్య రీటా పేరు నుండి వచ్చినది. ఏకాగ్రత లోపం, అతిచంచలత్వం గల రోగులకు వైద్యుని పర్యవేక్షణలో ఇది ఎంతో మేలు చేస్తుంది. బాలికలలో ఈ లోపం అల్లరిగా కాక పరధ్యానంగా వ్యక్తమగుట వలన గుర్తింపు పొందక మిగిలిపోయేవారు బాలుర కంటె అధికం. అనగా, మందు అవసరమైన బాలికలకు అందకపోవుట కూడా ఈ భేదంలోని ఒక భాగమే.

అవసరం లేనివారు తెలివి పెరుగునని వాడుట వేరు విషయం. 2023లో వెలువడిన ఒక పరిశీలనలో 40 మంది ఆరోగ్యవంతులకు మిథైల్‌ఫెనిడేట్, డెక్స్‌ఆంఫెటమైన్, మొడాఫినిల్ ఇచ్చి, చిక్కుసమస్యలను పరిష్కరించమన్నారు. వారు ఎక్కువసేపు, ఎక్కువ ఎత్తుగడలతో శ్రమించినారు. కాని ఆ శ్రమ నాణ్యత తగ్గినది. శ్రద్ధ పెరిగినట్లు తోచుట, ఫలితం పెరుగుట ఒకటి కావని దీనివలన విదితమగుచున్నది.

మొడాఫినిల్ విషయంలో స్త్రీలు తప్పక తెలుసుకొనవలసిన అంశం మరొకటి కలదు. ఈ మందు కాలేయంలోని మరొక ఎంజైమ్‌ను ప్రేరేపించి, హార్మోన్లతో కూడిన గర్భనిరోధక మాత్రల సామర్థ్యాన్ని తగ్గిస్తుంది. మందు మానిన తరువాత కూడా ఒక నెల వరకు ఈ ప్రభావం ఉండగలదు. స్నేహితుల చేతి నుండి బిళ్ల అందుకొన్న యువతికి ఈ మాట చెప్పేవారు ఎవరు? వైద్యుని చీటీ అవసరం ఇక్కడనే బోధపడుతుంది. మిథైల్‌ఫెనిడేట్, ఆంఫెటమైన్‌లు 1985 నాటి మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం పరిధిలోకి కూడా వస్తవి.

వ్యసనంలోనూ భేదం ఉన్నది. ఉత్తేజక ద్రవ్యాలను మొదలుపెట్టిన నాటి నుండి వాటికి బానిసలై చికిత్సకు వచ్చేవరకు గడిచే కాలం స్త్రీలలో తక్కువగా ఉన్నట్లు అనేక పరిశీలనలు తెలుపుతున్నవి. మన దేశంలో ఈ ద్రవ్యాల వాడకం విస్తృతం కాదు. 2019లో వెలువడిన జాతీయ సర్వేలో ఆంఫెటమైన్ తరహా ద్రవ్యాలను వాడుతున్నవారు జనాభాలో 0.18 శాతం. అదే సర్వేలో మద్యం సేవించేవారు పురుషులలో 27.3 శాతం, స్త్రీలలో 1.6 శాతం. వ్యసనమనగానే పురుషుల సమస్యగా తలచుట ఇందువలన సహజమే. అయితే సంఖ్య తక్కువైనంత మాత్రాన ఆ కొద్దిమంది స్త్రీల బాధ తక్కువ కాదు. నింద భయంతో వారు చికిత్సకు వెనుదీయుట బాధను ఇనుమడింపజేస్తుంది.

మన దేశానికి ప్రత్యేకమైన అంశం

1918లో కూనూరులో బీజప్రాయంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయులకు నూతన ఆహార మార్గదర్శకాలను ప్రకటించినది. దినానికి కెఫీన్ 300 మిల్లీగ్రాములు మించరాదని అందులో సూచించినారు. ఆ సంస్థ లెక్క ప్రకారం 150 మిల్లీలీటర్ల కప్పులో డికాక్షన్ కాఫీకి 80 నుండి 120, ఇన్‌స్టంట్ కాఫీకి 50 నుండి 65, టీకి 30 నుండి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. అనగా చిక్కని కాఫీ మూడు కప్పులతోనే ఆ హద్దు చేరవచ్చు.

అదే పత్రం భోజనానికి ముందు ఒక గంట, తరువాత ఒక గంట టీ, కాఫీలను మానమని కూడా చెప్పినది. వాటిలోని టానిన్లు ఆహారంలోని ఇనుమును దేహానికి అందనివ్వవు. ఈ సలహా అందరికీ ఉద్దేశించినదైనా, దాని బరువు అందరికీ సమానం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. పురుషులలో అది 25 శాతం. రక్తహీనత వలన కలిగే నీరసాన్ని పోగొట్టుకొనుటకు యువతి భోజనం కాగానే టీ త్రాగుతుంది. ఆ టీ ఇనుమును అడ్డగించి నీరసాన్ని పెంచుతుంది. ఆకలి వేళ భోజనానికి బదులు టీతో సరిపుచ్చుకొనే వసతిగృహ జీవితంలో ఈ విషవలయం మరింత బిగుస్తుంది. మేల్కొలుపు కావలసినది మెదడుకు కాక రక్తానికి అయినప్పుడు, దానికి చికిత్స కాఫీ కాదు, ఇనుము.

సగటు వేరు, వ్యక్తి వేరు

ఈ వివరాలను గ్రహించునప్పుడు ఒక హెచ్చరిక అవసరం. శాస్త్రం చెప్పేది సగటులను గురించి. ఒక స్త్రీకి, మరొక స్త్రీకి గల భేదం స్త్రీ పురుషుల సగటు భేదం కంటె ఎక్కువ కావచ్చు. వంశపారంపర్యం, దేహపు బరువు, ఇతర ఔషధాలు, ధూమపానం, అలవాటు, నిద్ర అన్నీ ఇందులో పాలుపంచుకొంటవి. కాబట్టి ఈ భేదాన్ని ఆధిక్యానికి గాని, అల్పత్వానికి గాని ఆధారం చేసుకొనరాదు. సమానత్వమంటే అందరికీ ఒకే మోతాదు ఇచ్చుట కాదు. ప్రతివారి దేహాన్నీ సమాన శ్రద్ధతో లెక్కలోకి తీసుకొనుట.

విద్యార్థులు ఆచరించదగినది క్లిష్టమైనది కాదు. రోజుకు ఎన్ని కప్పులు, ఏ వేళ, ఆ రాత్రి నిద్ర ఎట్లున్నది అని రెండు వారాలు వ్రాసుకొన్నచో తమ దేహపు లెక్క తమకే తెలియును. యువతులు ఋతుదినాలను కూడా గుర్తించుకొన్నచో మరింత స్పష్టత ఏర్పడును. వాడుతున్న మాత్రలన్నిటినీ వైద్యునికి చెప్పవలెను. భోజనానికి, టీకి మధ్య గంట వ్యవధి ఉంచవలెను. నీరసం విడువనప్పుడు రక్తపరీక్ష చేయించుకొనవలెను. ఆందోళన, నిద్రలేమి మితిమీరినప్పుడు 2022లో ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్య ద్వారా ఫోను చేయవచ్చు; తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఓల్డ్ రాజిందర్ నగర్ వంటి చోట యువతీ యువకులు ఒకే ప్రశ్నపత్రానికి, ఒకే కాలపరిమితిలో, ఒకే ప్రమాణంతో సమాధానాలు వ్రాయుటకు సిద్ధమవుతున్నారు. ప్రశ్నపత్రం అందరికీ ఒకటిగా ఉండుట న్యాయం. ఔషధపు మోతాదు విషయంలో మాత్రం న్యాయం వేరు విధంగా ఉన్నది. అది ఎవరి దేహంలో ప్రవేశిస్తున్నదో ముందుగా అడిగి తెలుసుకొనుటయే ఆ న్యాయం.